యాప్రాల్‌లో ఉంటున్నాం, ఓటు కూడా యాప్రాల్‌లోనే వేద్దాం!



వాన పడ్డ రాత్రి మన మెయిన్ రోడ్డు మీద బండి నడిపినవాళ్లకు ఈ కాగితం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ ఉత్త నీళ్లున్నాయో తెలియదు. పోయిన వానాకాలంలో మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకొని అట్లనే పడ్డాను. దాని మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు దరఖాస్తు పట్టుకొని ఒక ఆఫీసుకు పోతే "ఆ ముక్క మా కిందికి రాదు" అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే అక్కడా అదే మాట.

నా సంగతి సరే, రోడ్డు మీదే బతికేవాళ్ల సంగతి చూడండి. టిఫిన్ బండి అక్క దుమ్ముకు భయపడి ఇడ్లీ గిన్నె మూత తీయలేకపోతోంది. కూరగాయలు అమ్మే తాత గంటకోసారి టమాటాలు తుడుచుకుంటున్నాడు. కారు ఆపడానికి జాగా లేదు, నడవడానికి దారి లేదు. కొనేవాళ్లు సైనిక్‌పురికో, ఏఎస్ రావు నగర్‌కో పోతున్నారు. రోడ్డు పాడైతే ముందు పోయేది చిన్న దుకాణదారుడి బేరమే.

ఇక సికింద్రాబాద్ పోయే దారి. మనకూ ఊరికీ నడుమ కంటోన్మెంట్ ఉంది. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. ఆ తర్వాత కూడా ఇక్కడ కొన్ని గేట్లు మళ్లీ పడ్డాయి. మన కాలనీల్లో మిలిటరీలో చేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి, సైన్యం మీద మనకు గౌరవమే తప్ప కోపం లేదు. కానీ కంటోన్మెంట్ల చట్టం, 2006లో 258వ సెక్షన్ ఉంది. భద్రత కారణం ఉంటే తప్ప, అదీ ముందుగా ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు విన్నాక తప్ప, ఏ వీధినీ శాశ్వతంగా మూయకూడదని అది చెబుతోంది. ఆ ప్రకటన ఎప్పుడిచ్చారు, ఎవరి అభ్యంతరం విన్నారు అని అడిగే హక్కు మనకుంది.

ఆ కంటోన్మెంట్‌లోనే ఇంకో సంగతి చూడండి. బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న మళ్లీ పెడతామని నోటిఫికేషన్ ఇచ్చి, నెల ముందే రద్దు చేశారు. అక్కడివాళ్లు ఓటేస్తామన్నా పెట్టె లేదు. మనకు పెట్టె ఉంది, మనం పోవడం లేదు! 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నూటికి 47 మంది కూడా ఓటేయలేదు. మన మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2024 నాటికి 37 లక్షలకు పైగా ఓటర్లు, దేశంలోనే అన్నింటికన్నా ఎక్కువ. ఆ ఏడు ఎన్నికల్లో వాళ్లలో ఓటేసింది సగానికి కాస్త పైన. ఇక్కడ ఎంపీగా గెలిచిన రేవంత్ రెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారంటే ఈ సీటు బరువెంతో పార్టీలకు తెలుసు. తెలియనిది మనకే.

"రోడ్డు లేకపోతే ఓటు లేదు" అన్న అట్టలు మన కాలనీల్లో చూశాం. పట్టుకున్నవాళ్ల బాధ నిజమైనది, నాకూ అదే బాధ. కానీ ఆ మాట వెనక్కి తీసుకుందామని చేతులు జోడించి అడుగుతున్నాను. ఓటు వేయని కాలనీ అంటే ఏ నాయకుడికీ భయం లేదు, వాళ్ల లెక్కలో అది ఖాళీ జాగా. ఓట్లన్నీ పడే కాలనీకి మాత్రం గెలిచినవాడూ వస్తాడు, ఓడినవాడూ వస్తాడు.

మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంది? పండక్కి పోయినట్టు పోయి అక్కడ వేసి వస్తున్నాం. పన్ను కట్టేది ఇక్కడ, గుంతలో పడేది ఇక్కడ. ఇల్లు మారితే ఫారం 8 నింపాలి, కొత్త ఓటుకు ఫారం 6. సర్వీసు ఓటు ఉన్న మాజీ సైనికులు రిటైరయ్యాక మామూలు ఓటరుగా నమోదు చేసుకోవాలి. అసెంబ్లీ జాబితాలో పేరుంటేనే కార్పొరేషన్ జాబితాలోకి వస్తుంది కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. సందేహం ఉంటే 1950కి ఫోన్ చేయండి.

ఏ పార్టీకి వేయాలో మేం చెప్పం. ఓటడగడానికి ఎవరొచ్చినా గేటు దగ్గర నిలబెట్టి, మన రోడ్డు ఏ శాఖ కింద ఉందో, టెండరు ఎప్పుడయిందో కాగితం మీద చూపమనండి. ఈలోపు మనమూ ఊరుకోవద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్డు వేశాక కొంతకాలం దాకా పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలన్న షరతు టెండర్లలో ఉంటుంది. మన రోడ్డుకు ఆ గడువు ఉందా, తీరిందా అన్నదే మన మొదటి ప్రశ్న.

ఈ ఆదివారం పొద్దున 7 గంటలకు మెయిన్ రోడ్డు బస్టాప్ దగ్గర కలుద్దాం. దరఖాస్తు రాసి పెట్టాం, చదివి సంతకం చేయండి. ఓటు మార్చుకునేవాళ్లు ఓటరు కార్డు, ఆధార్, కరెంటు బిల్లు జిరాక్సులు తెచ్చుకోండి. ఫారాలు మేమే నింపి పెడతాం. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి అందరం కలిసి పోదాం. దుకాణాలవాళ్లు ఆ ఒక్క పూట షట్టర్ గంట ఆలస్యంగా ఎత్తి మాతో రండి.

ఇట్లు,
యాప్రాల్‌లో ఉండే మీ పొరుగువాళ్లం