పొడి అక్షరాల పెద్దరికం

తెనాలి రామకృష్ణుని కథలలో ఒక పండితుడు “తిలకాష్ఠ మహిషబంధనం” అను గ్రంథం పేరు విని రాత్రికి రాత్రే మూట సర్దుకొని పోతాడు. నువ్వుకట్టెలను గేదె పలుపుతో కట్టి పైన పట్టుగుడ్డ చుట్టిన మోపు అది. ఆ పేరులో పండితునికి తెలియని మాట ఒక్కటీ లేదు. అడిగితే ఎక్కడ అలుసవుతానో అన్న జంకే అతనిని ఊరు దాటించింది. ఈ కథ చెప్పే ఉపాధ్యాయులు రామకృష్ణుని తెలివిని మెచ్చుకొని ఊరుకుంటారు. పండితుని జంకును గురించి కూడ రెండు మాటలు చెబితే బాగుండును. అది నేటికీ బడులలో ఉన్నది.

ఆనాడు సంస్కృతం చేసిన పనిని ఈనాడు లాటిను చేస్తున్నది. అదియైనా పూర్తి మాటలతో గాక పొడి అక్షరాలతో. “ఏ.ఎం.” అని నిత్యం వ్రాసే విద్యార్థికి అది “మధ్యాహ్నమునకు ముందు” అను లాటిను మాటల కుదింపు అని చెప్పేవారు అరుదు. క్షేత్రగణితంలో సిద్ధాంతం చివర నిలిచే “క్యు.ఇ.డి.” కూడ అటువంటిదే, “నిరూపించవలసినది ఇదియే” అని దాని భావం. ఇంగ్లీషు బడిపిల్లలు దానిని “క్వైట్ ఈజిలీ డన్”, అనగా “బహు సులువుగా అయిపోయినది” అని విప్పి నవ్వుకున్నారు. లెక్కతో కుస్తీపట్టి చెమటోడ్చినవానికే ఆ నవ్వు రుచి తెలుస్తుంది. దానిని అల్లరి అని గద్దించడం న్యాయం కాదు.

గద్దించవలసినది మరొకటి ఉన్నది. లాటిను “ఎట్‌సెట్రా”కు తెలుగున “మొదలగునవి” ఉన్నది. అరబ్బీ నుండి కచేరీ కాగితాల వెంట వచ్చి స్థిరపడిన “వగైరా” ఉన్నది. “ఆంధ్రదేశపు నదులు గోదావరి, కృష్ణ మొదలగునవి” అని వ్రాసిన విద్యార్థికి మూడవ పేరు తోచలేదని దిద్దేవారికి తెలుసును; వారికి తెలుసునని విద్యార్థికీ తెలుసును. మార్కు మాత్రం పడుతుంది. అనకాపల్లి చెంతనే పారే శారదానది ఆ “మొదలగు”లో మునిగిపోతుంది!

నిజానికి అనకాపల్లి వారికి పొడి అక్షరాలు కొత్తవి కావు. 1913లో నెలకొన్న చెరకు పరిశోధన కేంద్రం ఈ ఊరిది. “కో 419” అను చెరకు రకంలో “కో” కోయంబత్తూరు. “87 ఎ 298”లో “ఎ” సాక్షాత్తు అనకాపల్లియే. ఒక్క అక్షరం ఊరి పేరును మోసుకొని చేను చేను తిరిగినది. సమీపాన తుమ్మపాల స్వగ్రామంగా గల రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇంటిపేరు, సొంత పేరు కలిసి కరిగి “రావిశాస్త్రి” అయినవి. రావిచెట్టుకూ ఆయనకూ ఏమి చుట్టరికమని పిల్లలడిగితే అడగనీయవలెను. విజయనగరపు చాగంటి సోమయాజులు “చాసో”. స్వయంగా బడిపంతులైన కాళీపట్నం రామారావు “కారా”. ఈ కుదింపులలో ఆప్యాయత ఉన్నది.

మద్రాసు ప్రభుత్వపు కాగితాలలోని కుదింపు వింత మరీ తమాషా అయినది. “మహారాజరాజశ్రీ” అను బిరుదు అక్కడ రోమను అక్షరాలలో “ఎం. ఆర్. ఆర్‌వై.” అయి కూర్చున్నది. చూపునకు లాటిను, లోపల సంస్కృతం, పేరు చివర “గారు”! తిలకాష్ఠానికి ఏమాత్రం తీసిపోని సృష్టి.

అయితే పొడి అక్షరాలన్నీ నవ్వులాటకు పుట్టలేదు. వెనుకటి ఉత్తరాల మీద భర్త పోయిన స్త్రీ పేరుకు ముందు “గం. భా. స.” అని ఉండేది. “గంగాభాగీరథీ సమానురాలు” అని దాని విస్తరణ. ఎంత పవిత్రమైన పోలిక! ఆ మూడక్షరాలే తపాలా బంట్రోతు మొదలు వీధి అరుగు దాకా ఆమె వైధవ్యాన్ని చాటేవి. భార్య పోయిన పురుషునికి ఏ నదితోను పోలిక పెట్టలేదు.

2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిదే ఎస్. రాయవరం. 1862లో అక్కడ పుట్టిన గురజాడ అప్పారావు, 1897లో అచ్చయిన “కన్యాశుల్కం”లో ఈ రెండింటినీ ఒకే ఇంటిలో చూపినాడు. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాటలు ఒలకబోస్తే అర్థంకాని తల్లి మురిసిపోతుంది. ఆ ఇంటిలోనే బాలవితంతువు బుచ్చమ్మ ఉన్నది. తెలియని మాటకు దక్కిన మన్నన ఆ పిల్లకు దక్కలేదు.

“గం. భా. స.” నేడు కంటబడటం అరుదు. పెండ్లి శుభలేఖల మీద వధువు పేరుకు ముందు “చి. ల. సౌ.” మాత్రం చెక్కుచెదరలేదు, 2018లో ఒక చలనచిత్రానికి అదే పేరయినది. “చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి” అని విప్పి చెప్పగల పిల్లలు తరగతిలో ఎందరున్నారో ఉపాధ్యాయులు ఒక శుభలేఖ పట్టుకొనిపోయి చూడవచ్చును. వరునికి “చి.” ఒక్కటే చాలినప్పుడు వధువుకు “ల. సౌ.” ఎందుకని వెనుక బల్ల నుండి ఒక బాలిక అడగనూవచ్చును. సమాధానం ముందుగానే ఆలోచించుకొని వెళ్ళడం మంచిది.