దొంగ త్రాసు మీద మన శరీరాలు

2004లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే పోటీ మొదలుపెట్టింది. లావుగా ఉన్న మనుషుల్ని ఒకచోట చేర్చి గంటల తరబడి కసరత్తు చేయిస్తారు. అందరి ముందూ త్రాసెక్కిస్తారు. తక్కువ తగ్గినవాళ్ళను తోటివాళ్ళ ఓట్లతోనే ఇంటికి పంపిస్తారు. చివరికి గెలిచిన ఒక్కరికి రెండున్నర లక్షల డాలర్లు. 2007లో ఇదే ఆట సహారా వన్‌లో హిందీలోనూ వచ్చింది. 2025 ఆగస్టులో ఆ పోటీ తెర వెనుక సంగతుల మీద నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ విడుదల చేసింది. ‘ఆటే కదా, చూసి వదిలేస్తే పోలేదా?’ అనే యౌవనస్థులకు మేం చెప్పదలచింది ఒక్కటే. అది ఆట కాదు, బోధ. అబద్ధ బోధ.

ఏమిటా బోధ? నీ శరీరం నీ తప్పు. ఏడ్చి, చెమటోడ్చి, అవమానం భరిస్తే నీకు విమోచన. భరించలేకపోతే నువ్వు సోమరివి. కడుపు మాడ్చుకుంటున్న పోటీదారుల ముందు తీపి పదార్థాలు పెట్టి, తింటే లాభముందని ఊరించడం కూడా అందులో భాగమే. అరణ్యంలో ఆకలిగొన్న ప్రభువు దగ్గరికి రొట్టె మాట ఎత్తుకొని వచ్చింది ఎవరో విశ్వాసులకు వేరే చెప్పాలా?

ఈ కార్యక్రమం చూస్తుంటే మన సాక్ష్యాలే గుర్తొస్తాయి. మొదట పాత జీవితం, తరువాత ఒప్పుకోలు, కన్నీళ్ళు, చివర కొత్త మనిషి. లేనిది ఒక్కటే, కృప. ఇక్కడ ఒకరు గెలవాలంటే మిగతావాళ్ళందరూ బయటికి పోవాలి. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెతుక్కుంటూ వెళ్ళే కాపరికి ఈ ఆటలో చోటు లేదు.

పోనీ, ఆ కొత్త మనిషైనా నిలిచాడా? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం ఒక సీజన్‌లో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించింది. 13 మంది మళ్ళీ బరువు పెరిగారు. నలుగురైతే పోటీకి ముందుకన్నా ఎక్కువ బరువున్నారు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ శరీరం ఖర్చుచేసే శక్తి, ఉండవలసినదానికన్నా రోజుకు సగటున సుమారు 500 క్యాలరీలు తగ్గిపోయింది. అంటే శరీరమే తిరిగి బరువు కూడబెట్టుకోవాలని చూస్తోంది. తెర మీద చప్పట్లు కొట్టిన లోకం మాత్రం దాన్ని మనిషి బలహీనత అంటుంది.

ఇక మన సంగతి. ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగేలోపే ‘ఏంటమ్మా, ఇలా లావయ్యావు?’ అంటాం. పెళ్ళిచూపుల్లో పిల్లను కళ్ళతోనే తూస్తాం. ఉపవాస ప్రార్థనకు కూడా ఎన్ని కిలోలు తగ్గామో లెక్క చెప్పుకొంటాం. మన ప్రభువునే తిండిపోతని గేలి చేశారని సువార్తలు చెబుతున్నాయి. ఆ గేలి చేసినవాళ్ళ పక్కన మనం ఎందుకు నిలబడాలి?

ఈ త్రాసుకు కనబడనివి చాలా ఉన్నాయి. బెంగళూరులో, చెన్నైలో తెల్లవారకముందే వీధులు ఊడ్చేవాళ్ళలో మన తెలుగు దళిత స్త్రీలు ఎందరో. వాళ్ళ చెమటకు కెమెరా లేదు, బహుమతి లేదు. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు తల్లికి కూలి వెయ్యి బీడీల లెక్కన. నడుం వాల్చినా, నాలుగడుగులు నడిచినా ఆ మేరకు కూలి తగ్గుతుంది. ఆమెతో ‘రోజూ గంట నడవమ్మా’ అనడం తేలిక. 2013 ఆహార భద్రతా చట్టం చాలా పేద కుటుంబాలకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యం హామీ ఇచ్చింది. పప్పు, గుడ్డు, కూర ఎవరి బాధ్యత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 24 శాతం అధిక బరువు, దాదాపు 19 శాతం ఉండవలసినదానికన్నా తక్కువ బరువు, 57 శాతం మందికి రక్తహీనత. ఇది ఒక్కొక్కరి సోమరితనమా? కూలి, తిండి, తీరిక పంచడంలో జరిగిన అన్యాయమా?

‘అయితే షుగరు, బీపీ వచ్చినా ఊరుకోవాలా?’ అని అడగవచ్చు. ఊరుకోవద్దు. జబ్బుకు వైద్యం కావాలి, మంచి తిండి కావాలి, నిద్ర కావాలి. సిగ్గు మాత్రం మందు కాదు. సిగ్గుపడ్డ మనిషి డాక్టరు దగ్గరికి కూడా పోడు.

యానాం నుంచి షోలాపూర్ దాకా మన సంఘాల్లో మొదలుపెట్టవలసినవి ఉన్నాయి. ఒకరి ఒంటి మీద మరొకరు తీర్పు చెప్పడం మానేద్దాం. ప్రేమవిందులో పప్పు, ఆకుకూరలు పెట్టి అందరినీ ఒకే వరుసలో కూర్చోబెడదాం. నెలకోసారి మందిరంలో బీపీ, షుగరు పరీక్షలు పెట్టిద్దాం. పారిశుద్ధ్య కార్మికులు కూలి కోసం, సెలవు కోసం రోడ్డెక్కిన రోజున వాళ్ళతో నిలబడదాం.

తూకంలో మోసం చేసి బీదల్ని నలిపిన వర్తకుల మీద ఆమోసు ప్రవక్త మండిపడ్డాడు. మనిషి బరువు తూచి, ఆ మనిషి మోసే బరువును లెక్కలోకి తీసుకోని త్రాసు కూడా దొంగ త్రాసే. దాన్ని మందిరంలోకి రానివ్వకండి.