కంసునికొఱకు కన్నీరు

ఇంట చుట్టము గతించినచో నెన్నినాళ్ళు మైల పట్టవలెనో మన ధర్మశాస్త్రములు తరగతులు విభజించి వ్రాసియుంచినవి. జ్ఞాతికి పదిదినములు, దూరపువారికి మూడు, మఱికొందఱికి స్నానమాత్రముతో సరి. కాని ముఖము తెరమీద తప్ప నెన్నడు నెఱుగని యొక నటుడు చనిపోయినప్పుడు గృహిణి కంట తడి పెట్టినచో ఆ కన్నీటి నేపద్దున వేయవలెనో యే స్మృతికారుడును చెప్పలేదు. ఈ నెల మాకీ విచారము మా యత్తగారి మూలమున కలిగినది.

గడచిన ఆదివారము మధ్యాహ్నము మాయింట టెలివిజనులో "గుండమ్మ కథ" వచ్చుచుండెను. మేము వంటయింట పచ్చడికై మిక్సీ వేసితిమి. మమ్మెన్నడును గట్టిగా మందలించి యెఱుగని మా యత్తగా రానాడు "కాసేపు ఆపమ్మా, ఆయన మాట్లాడుతున్నారు" అని కేకవేసిరి. ఆయన యనగా రామారావుగారో నాగేశ్వరరావుగారో యనుకొని వచ్చి చూతుము గదా, వారిద్దఱికిని తండ్రి వేషము వేసిన ఎస్.వి. రంగారావుగారు! పచ్చడి సగములో విడిచి ఆమెప్రక్కను కూర్చుంటిమి. ఏబదియేండ్లుగా నామె కడుపులో దాచుకొన్న మాట అప్పుడు బయటికి వచ్చినది. ఆమె యనుమతి గైకొనియే యిచట వ్రాయుచున్నాము.

మా యత్తగారికి నాలుగేండ్లు నిండకుండగనే తండ్రి పోయినారు. దివిసీమలో నొక చిన్న పల్లె; ఫోటో తీయించుకొను వాడుక ఆ యింట లేదు. అందుచే తండ్రి ముఖమెట్టిదో యామె కెఱుక లేదు. పదియేండ్ల ప్రాయమున మేనమామ వెంట టూరింగు టాకీసునకు పోయి "బంగారు పాప" చూచినారట. బి.ఎన్. రెడ్డిగారు తీసిన యా చిత్రమునకు మూలము "సైలాస్ మార్నర్" అను ఆంగ్ల నవల. జార్జి ఇలియట్ అని మగపేరు పెట్టుకొని 1861లో దానిని ప్రకటించినది ఒక స్త్రీయే యన్న సంగతి మన సోదరీమణులలో నెందఱికి తెలియునో! చిత్రములో కోటయ్య యను మొరటుమనిషికి దిక్కులేని పసిపాప దొరకును. దానిని పెంచుచు పెంచుచు నతడే మెత్తబడును. ఆ కోటయ్య రంగారావుగారు. ఆ రాత్రి యింటికి వచ్చి మా యత్తగారు తల్లి నడిగినారట: "అమ్మా, నాన్న కూడా అలాగే ఉండేవాడా?" తల్లి బదులు చెప్పక పొయ్యి ఊదుకొన్నదట. కాదనలేదు గనుక ఔననియే పిల్ల తలచినది. నాటినుండి యామెకు తండ్రి దొరకినాడు.

ఇట్లు తండ్రిగా స్వీకరింపబడిన యా మనిషి వయస్సెంత? రంగారావుగారు నూజివీటిలో 1918 జూలై 3న జన్మించిరి. 1951లో "పాతాళభైరవి" మాంత్రికుడైనప్పుడు ముప్పదిమూడేండ్లు నిండలేదు. 1955లో "మిస్సమ్మ" నాటికి సావిత్రికిని జమునకును తండ్రి, ప్రాయము ముప్పదియాఱు. "గుండమ్మ కథ" 1962 నాటిది; కొడుకుగా నటించిన రామారావుగారు 1923లో పుట్టినవారు, అనగా తండ్రికంటె ఐదేండ్లు మాత్రమే చిన్న. అయినను చూచువారి కెన్నడైన నెబ్బెట్టుగా తోచినదా? తెల్లజుట్టు అంటించుకొన్నంత మాత్రమున పెద్దఱికము రాదు. ఎదుటివారు మాటలాడునప్పుడు వినుట యొకటి యున్నది. మన యిండ్లలో మగవారు చాలమందికి పట్టుబడని విద్య యది. రంగారావుగారు తెరమీద వినుచున్నప్పుడు చూడుడు. కూతురు చెప్పక దాచిన మాటకూడ ఆయన చెవిని బడినట్లే యుండును.

ఇక 1974. మా యత్తగారు కాపురమునకు వచ్చి నాలుగు మాసములైనది. జూలై 18న మద్రాసులో రంగారావుగారు గుండెపోటుతో మరణించిరి. ఏబదియాఱేండ్లు నిండి పదునైదు దినములే. మఱునాడు మా మామగారు వీధియరుగుమీద పత్రిక పైకి చదువుచుండగా లోపల బియ్యము చెఱుగుచున్న యీమె చేతిలోని చేట జాఱినది. ఏడ్పు ఆగినది కాదు. నాడు శుక్రవారము. అత్తగారు వచ్చి "శుక్రవారంపూట కొత్తకోడలు కంటతడి పెట్టడమా! ఎవరే నీకు వాడు?" అని కసరినారు. నిజమే, ఏమని చెప్పవలెను? మా నాయన యని చెప్పిన వెఱ్ఱిది యందురు. ఊరకున్నారు.

ఆ సాయంత్రము మగవారందఱును అరుగులమీద చేరి "మాయాబజారు" లోని మాటలు తలచుకొని, ఆయన నవ్వు ననుకరించి, నిట్టూర్చి, పదింటివఱకు కూర్చుండిరట. వారి దుఃఖమున కెవ్వరు నడ్డుచెప్పలేదు. అభిమానసంఘములు, సంతాపసభలు, దండలు వారివి. వంటయింటి యభిమానమునకు సంఘము లేదు, సభ లేదు. ఉల్లిపాయ తరుగునప్పుడు మాత్రము కొంత వెసులుబాటు కలదు.

నటునికై యేడ్చుట భ్రమ యని పండితులు కొందఱందురు. "నర్తనశాల" (1963)లో కీచకుని చూచి పండ్లు కొఱకని యాడుది లేదు. తిక్కనగారి విరాటపర్వము చదువుకొన్న మాకును ఇప్పుడా పద్యములు చదువునపుడు రంగారావుగారి కన్నులే కనబడును. ఆ వేషమునకే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున నాయనకు ఉత్తమనటుడను బహుమానము వచ్చినది. భ్రమయే యైనచో కీచకుని ద్వేషించినవారు ఆయన చచ్చినప్పుడు సంతసింపవలెను గదా! కీచకుడు వేఱు, కీచకుని మనకు చూపినవాడు వేఱని అక్షరమెఱుగని ముత్తవకును తెలియును. ఒక్క ఘటోత్కచునియందే చిక్కు. మావారు తరగతిలో ద్రోణపర్వకథ చెప్పుచు కర్ణుని శక్తికి ఘటోత్కచుడు కూలెననగా నొక పిల్లవాడు లేచి "మాయాబజార్ ఘటోత్కచుడేనా మాస్టారూ?" అని యడిగి, ఔననగా కథ వినుట మానినాడట.

ఆయన పోయిన మఱుసటియేడు, 1975లో, "యశోదకృష్ణ" విడుదలయైనది. అందు రంగారావుగారు కంసుడు. పురాణచిత్రము గనుకను, కోడలు నెల తప్పినది గనుకను అత్తగారే వెంటబెట్టుకొని పోయినారు. తెరమీద కంసుడు కనబడెను. చనిపోయిన మనిషి నిలువెత్తున నిలిచి మాటలాడుచుండగా మా యత్తగారికి మరల దుఃఖము పొంగినది. చుట్టునున్నవారు వింతగా చూచిరి. అత్తగారు చెవిలో "కృష్ణుడింకా పుట్టనేలేదు, కంసుడికి అప్పుడే ఏడుపేమిటే?" అనినారట. అని, మఱికొంతసేపటికి తన చీరకొంగు తెచ్చి కోడలిచేతి కిచ్చినారట. "ఆయనకేం, కృష్ణుడి చేతిలో పోతాడు. మోక్షమే."

ఈ ముసలమ్మగారు చదువుకొన్నవారు కారు. భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు చెప్పినది, కంసుడు భయముచేతనే భగవంతుని చేరెనన్నది, పురాణశ్రవణమున విని యుందురు. ఏమి గ్రహించి యా కొంగిచ్చిరో తెలియదు. అటుపిమ్మట వారిద్దఱును ఆ మాట యెన్నడు నెత్తుకొనలేదు.

అభిమానమును మేము గుడ్డిగా మెచ్చువారము కాము. నటుని పేరిట కలహించుటయు, ప్రాణములు తీసికొనుటయు చూచినపుడు మాకును రోతయే. రంగారావుగారి కొఱకు పోట్లాడిన గుంపులు మాత్రము మాకు వినబడలేదు; నాయకుడు కానివాని కదియొక యదృష్టము. పద్మపురస్కార మాయనకు రాలేదు. 2013లో భారతీయ చలనచిత్ర శతవత్సరమున తపాలాబిళ్ల వచ్చినది. 2019లో తాడేపల్లిగూడెమున విగ్రహము నిలిపినారు. మా యత్తగారా బిళ్లను సంపాదించి పసుపుకుంకుమల పెట్టెలో నుంచుకొన్నారని మా కాదివారమే తెలిసినది.

ఆమె కిప్పుడు డెబ్బది దాటినవి. తెరమీది తండ్రికంటె పదునైదేండ్లు పెద్ద. అయినను ఆయన కనబడగానే కాళ్ళు ముడుచుకొని సరిగా కూర్చుందురు. ఉండబట్టలేక యడిగితిమి: "అత్తయ్యగారూ, మీ నాన్నగారు నిజంగా ఇలాగే ఉండేవారంటారా?"

"లేదమ్మా," అనినారు. "మా అమ్మ పోయేముందు చెప్పింది. పొట్టిగా, సన్నగా ఉండేవాట్ట. గట్టిగా మాట్లాడితే దగ్గు వచ్చేదట."

చెప్పి, మరల తెరవైపు తిరిగి, మమ్ము మాటలాడవద్దని చేసైగ చేసినారు.