వేట లైసెన్సు చూపించి రైఫిల్ కొంటావా తమ్ముడూ?



ఇది పొడుగు పోస్టు. అమెరికాలో చదువుతున్నవాళ్ళు, ఈ ఏడు ఫ్లైటెక్కబోతున్నవాళ్ళు మొత్తం చదవండి. రాస్తున్నది మేం ఏడుగురం. నలుగురం అక్కడ ఉన్నాం, ముగ్గురం ఇక్కడ ఏజెన్సీలో ఉన్నాం. మాలో కోయ, గోండు, లంబాడా, కొండదొర అందరూ ఉన్నారు. ఇక్కడ మనవాళ్ళ మధ్య ఎన్ని పంచాయితీలు ఉన్నా, అక్కడ ఒకే కుక్కర్లో వండుకుని తింటున్నాం. ఈ విషయంలో మాకు కూడా రెండు వారాలు వాదన నడిచింది. చివరికి ఒక మాట మీదికి వచ్చాం, అదే రాస్తున్నాం.

మన తమ్ముడొకడు, పేరు ఊరు రాయం, ఒక గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. ఒకరోజు రాత్రి రెండు గంటలకు ముసుగేసుకున్నవాడొకడు లోపలికి వచ్చి పిస్టల్ నుదుటికి పెట్టాడు. గల్లాపెట్టెలో ఉన్న 340 డాలర్లు, తమ్ముడి ఫోను పట్టుకుపోయాడు. తమ్ముడికి దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి నిద్ర లేదు. వారం తర్వాత మాకు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, ఏఆర్-15 కొందామనుకుంటున్నా. 800 డాలర్లలో వస్తదంట. ఏ కంపెనీది తీసుకోమంటరు?"

మనవాళ్ళే కొందరు వాడికి ధైర్యం చెప్పారు. "కొనుక్కోరా, అక్కడ అందరి ఇంట్లో ఉంటయి" అని ఒకరు. "వేట లైసెన్సు తీసుకుంటే వీసా మీదున్నోళ్ళకు కూడా లీగలే" అని ఇంకొకరు. "కొమురం భీం తుపాకి పట్టలేదా, మనకు భయమేంది" అని మరొకరు. ఈ మూడు మాటలకూ జవాబు చెప్పాలి. ఎందుకంటే మూడూ సగం నిజాలే. సగం నిజం నమ్మినవాడే ఎక్కువ నష్టపోతాడు.

ముందుగా ఒక మాట. తమ్ముడి భయాన్ని మేం తక్కువ చేయడం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను బార్లో కాల్చి చంపినోడు "మా దేశం నుంచి పోండి" అని అరిచి కాల్చాడు. మరుసటి ఏడు జూలైలో కాన్సస్ సిటీలో వరంగల్ నుంచి పోయిన విద్యార్థి ఒకరు తాను పనిచేసే హోటల్లోనే తూటాకు బలయ్యాడు. మనకు ఏం కాదులే అనుకునే రోజులు కావు. భయపడడం తప్పు కాదు. ఆ భయానికి రైఫిల్ మందా కాదా అన్నదే ప్రశ్న.

మొదటి సగం నిజం: "అక్కడ అందరికీ ఉంటయి." అమెరికా పౌరులకు ఉంటాయి, నిజమే. ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని 2008లో హెల్లర్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తమ్ముడూ, నిన్ను బెదిరించింది ఇంట్లో కాదు, కౌంటర్ దగ్గర. రైఫిల్ ఉండేది నీ అపార్ట్‌మెంట్ అల్మారాలో. పోనీ షాపుకే తీసుకుపోతావనుకుందాం. నుదుటికి పిస్టల్ ఆనించినోడి ముందు నువ్వు కిందికి వంగి, మూరెడు పైన పొడవున్న రైఫిల్ తీసి, సేఫ్టీ తప్పించి, గురి పెట్టేదాకా వాడు ఆగుతాడా? ఆ రాత్రి నువ్వు చేతులు పైకెత్తి 340 డాలర్లు ఇచ్చావు చూడు, అందుకే ఇవాళ మాతో మాట్లాడుతున్నావు. అది పిరికితనం కాదు, తెలివి.

ఇక ఇంటి సంగతి. ఏఆర్-15 అంటే ఏంది? 1950ల చివర్లో ఆర్మలైట్ అనే కంపెనీ కోసం యూజీన్ స్టోనర్ తయారుచేసిన రైఫిల్. ఆ డిజైన్ నుంచే అమెరికా సైన్యం వాడిన ఎం-16 వచ్చింది. బజార్లో అమ్మేది సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా. మామూలు మ్యాగజీన్లో 30 తూటాలు పడతాయి. తూటా సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పోతుంది. మనం అద్దెకుండే అపార్ట్‌మెంట్ల గోడలు ఇటుకవి కావు. చెక్క ఫ్రేముకు రెండు వైపులా జిప్సం బోర్డు కొట్టినవి. రెండు బెడ్రూముల్లో ఆరుగురం పడుకుంటాం. చీకట్లో చప్పుడైందని నువ్వు ఒక తూటా వదిలితే అది హాల్లో ఆగదు. పక్క గదిలో పడుకున్నవాడి దాకా పోతుంది, ఆ పక్కింటి పసిపిల్లల దాకా కూడా పోతుంది.

2024 నవంబరులో అట్లాంటాలో ఏమైందో పేపర్లో అందరం చదివాం. తెలుగు విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే తన వేట తుపాకి శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. స్నేహితులు పక్క గదిలోనే ఉన్నారు. ఏ దొంగా రాలేదు, ఏ శత్రువూ రాలేదు.

చెప్పడానికి నోరు రాని ఇంకో సంగతి ఉంది, అయినా చెప్పాలి. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021లో మొత్తం 48,830 మంది చనిపోతే అందులో 26,328 మంది తమను తాము కాల్చుకున్నవాళ్ళు. వేరే మార్గాల్లో ప్రయత్నించినవాళ్ళలో ఎక్కువమంది బతికి బయటపడతారు, తుపాకితో ప్రయత్నించినవాళ్ళలో పదికి తొమ్మిది మంది పోతారు. ఇప్పుడు మన పిల్లల సంగతి ఆలోచించండి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, రాని ఉద్యోగం, ఇంటికి ఫోన్ చేసి "బాగున్న నాయనా" అని చెప్పే అబద్ధం. మాలో ఒకరికి అలాంటి రాత్రి వచ్చింది. ఆ రాత్రి గదిలో తుపాకి లేదు. తెల్లారింది. అందుకే ఈ పోస్టు రాసేవాళ్ళం ఆరుగురం కాదు, ఏడుగురం.

రెండో సగం నిజం: వేట లైసెన్సు. చట్టం ఇలా ఉంది. ఎఫ్-1 గానీ, ఓపీటీ మీద ఉన్నా గానీ, హెచ్-1బి గానీ, ఇవన్నీ నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల కిందికే వస్తాయి. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. 15 ఏళ్ళ దాకా జైలు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. మన సలహాదారులు ఇంతవరకే చెప్తున్నారు. ఆ తర్వాతది చెప్పడం లేదు.

లైసెన్సు గడువు తీరిందనుకో, అల్మారాలో ఉన్న అదే రైఫిల్ ఆ రోజు నుంచి నేరం అవుతుంది. పరీక్షల హడావుడిలో ఐ-20 తేదీలే మర్చిపోయే మనం దీన్ని గుర్తుపెట్టుకుంటామా? ఫారెస్టు కోర్సు చదివినా చదవకపోయినా, కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా గురించి అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. గ్రీన్ కార్డున్న అన్నతో కొనిపిస్తే అన్న మీద కూడా కేసే. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాల్లో ఈ రకం రైఫిళ్ళ అమ్మకానికి నిషేధాలున్నాయి. ఉద్యోగం అక్కడ వస్తే ఏం చేస్తావు? నీ రూమ్మేట్లకు వేట లైసెన్సు లేదు, వాళ్ళ చేతికి అందేలా తుపాకి ఉంటే వాళ్ళూ ఇరుక్కునే ప్రమాదం ఉంది. తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించేస్తారు. చదువు పోయింది, అప్పు మిగిలింది, ఊళ్ళో నాన్న మిగిలాడు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా రంగు సంగతి ఉంది. 2016 జూలైలో మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి మనిషికి లైసెన్సు ఉంది. కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకి ఉందని తనే మర్యాదగా చెప్పాడు. ఆ పోలీసు కాల్చి చంపాడు. మన ముఖం చూసి, మన ఇంగ్లీషు విని, చేతిలో రైఫిల్ చూసి వాళ్ళు ముందు కాగితాలు అడుగుతారని ఎవరు హామీ ఇస్తారు?

ఇంతకీ "వేట లైసెన్సు" అన్న మాట వింటే మాకు కడుపు మండుతుంది. వేట మనది. ఇటుకల పండుగకు ఊరంతా కలిసి కొండెక్కేవాళ్ళు. ఎవరు ఏ గట్టు మీద కాపు కాయాలో ముందే పెద్దలు చెప్పేవాళ్ళు, ఎవరి గురికి ఎవరూ అడ్డం రాకుండా. దొరికింది ఇంటింటికీ వాటా పడేది, వేటకు రాలేని ముసలవ్వ ఇంటికి కూడా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అదే వేటకు మనవాళ్ళు కేసుల పాలయ్యారు. ఇప్పుడు అదే వేట పేరు మీద ఆన్‌లైన్లో ఒక కాగితం తీసుకుని, జింక ముఖం కూడా చూడకుండా, మనిషి మీద గురి పెట్టడానికి రైఫిల్ కొంటావా? అది వేట కాదు. ఆ కాగితం మీద మన తాతల పేరు పెట్టొద్దు.

మూడో సగం నిజం: కొమురం భీం. అవును, మన చరిత్రలో తుపాకి ఉంది. 1922 ఆగస్టులో అల్లూరితో కలిసి గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నారు. అడవిలో అడుగు పెట్టనివ్వకపోతే, ఘాట్ రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టి వంచితే తీసుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో భీం ఒరిగింది జల్, జంగల్, జమీన్ కోసం. వాళ్ళ వెనుక గూడేలు ఉన్నాయి. వాళ్ళది అందరి భూమి కోసం అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం. నీది ఒక్కడివే, నిద్రలేని రాత్రి, ఫోన్లో క్రెడిట్ కార్డు నంబరు కొట్టి తీసుకునే నిర్ణయం. రెండింటినీ ఒకే గాటన కట్టడం వాళ్ళను చిన్నబుచ్చడమే.

తుపాకి గొట్టానికి అవతలి వైపు నిలబడిన చరిత్ర కూడా మనదే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్చారు. తర్వాత ఎన్నో ఏళ్ళు రాత్రి తలుపు కొడితే అన్నలో, పోలీసులో తెలియక వణికిన ఇళ్ళలోంచి వచ్చాం మనం. తుపాకి ఇంట్లో ఉంటే ధైర్యం వస్తదని మైదానం పిల్లలు అనుకుంటే సరే. మనకు తెలియదా?

ఇక ఆఖరుది, అసలుది. తమ్ముడు పోలీసులకు ఎందుకు ఫోన్ చేయలేదు? ఎందుకంటే క్యాంపస్ బయట ఆ పని చేయడానికి వీసా ఒప్పుకోదు. ఓనరుకు అది తెలుసు, అందుకే చేతికి క్యాష్ ఇస్తాడు, అందుకే రాత్రిపూట ఒక్కణ్ణే పెడతాడు. ఏమైనా కిక్కురుమనడని ధీమా. తమ్ముడు ఆ పనికి ఎందుకు పోయాడు? 20 లక్షల స్కాలర్‌షిప్ వచ్చినా ఫీజు, అద్దె, తిండి కలిపితే చాలలేదు. మైదానం పిల్లోడికి ప్లాటు పెడితే లోన్ వస్తది. 1/70 చట్టం కింద ఉన్న మన భూమి మనకు రక్షణే, కానీ దాన్ని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకోళ్ళు వెనకాడతారు. మిగిలింది వడ్డీ వ్యాపారి. ఆ వడ్డీ కట్టడానికే ఆ రాత్రి డ్యూటీ.

ఆ పని చూపించింది ఎవరు? మేమే. మా ఏడుగురిలో ఒకరు ఓనరు నంబరు ఇచ్చారు. "మేమూ చేశాం, ఏం కాదు" అన్నాం. వాడికి పిస్టల్ పెట్టిన సంగతి తెలిసి మొదట "డబ్బులు ఓనరువే గదా" అని నవ్వినవాళ్ళం కూడా మేమే. ఆ నవ్వుకు సిగ్గుపడుతున్నాం. వాడు మా మీద నమ్మకం పోయాకే రైఫిల్ వైపు చూశాడు.

కాబట్టి వాడికి వద్దు అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. మేం నలుగురం తలా 150 డాలర్లు వేశాం. తమ్ముడు ఆ రాత్రి డ్యూటీ మానేశాడు. క్యాంపస్‌లో పని దొరికేదాకా అద్దెలో వాడి వాటా మేం కడతాం. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలు, అక్కలు నెలకు 20 డాలర్లు వేసినా ఇలాంటి ఇంకో తమ్ముడికి దారి దొరుకుతుంది. ఇకమీద జూనియర్లకు రాత్రి ఒంటరి కౌంటర్ పని ఎవరూ చూపించొద్దు, మేం చూపించం. నిద్ర పట్టనివాళ్ళు యూనివర్సిటీ కౌన్సెలర్‌ దగ్గరికి పోండి, అది పిచ్చోళ్ళకు మాత్రమే కాదు. ప్రాణం మీదికి వస్తే వీసా గురించి ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

పౌరసత్వం వచ్చి, సొంత ఇల్లుండి, శిక్షణ తీసుకుని, లాకర్లో తాళం వేసి పెట్టుకునే అన్నల లెక్క వేరు. ఆ లెక్క వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళను చూపించి చదువుకునే పిల్లలకు సలహాలివ్వొద్దు.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతున్నావని తెలుసు. వేట లైసెన్సు ఫారం సగం నింపి పెట్టుకున్నావని కూడా తెలుసు. ఆదివారం సాయంత్రం మేం నలుగురం నీ రూముకు వస్తున్నాం. నాటుకోడి అక్కడ దొరకదు, ఉన్నదే వండుకుందాం. అప్పటిదాకా ఆ ఫారం పంపకు.

జోహార్.