గాలితుపాకి ఆటవస్తువు కాదు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందు కోతులబాధ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మొక్కజొన్న కంకి పాలుపోసికొనునప్పటికే చేనిపై దండు దిగును. పూర్వము మంచె యెక్కి వడిసెల త్రిప్పిన రైతు నేడు గాలితుపాకిని చేపట్టుచున్నాడు. అందుల కాతనిని మేము నిందింపము. పంటను కాపాడుకొనుట యతని హక్కు. కాని లైసెన్సు అక్కరలేదు గనుక గాలితుపాకి నిరపాయకరమని తలచి, దానిని పిల్లల చేతికి విడుచుట మహాప్రమాదమని హెచ్చరింపక తప్పదు.

శాసనమేమనుచున్నదో చూతము. 2016 ఆయుధ నియమముల ననుసరించి, తుపాకిమూతిని వీడునప్పుడు గుండునకుండు శక్తి 20 జౌళ్లకు మించినను, గొట్టపు రంధ్రము 0.177 అంగుళమునకు, అనగా 4.5 మిల్లీమీటర్లకు మించినను, లైసెన్సు పొందవలయును. ఈ రెండు హద్దులకును లోబడినదానికి అక్కరలేదు. ఇది పరిపాలనా సౌకర్యమునకై గీచిన గీతయే కాని, ఆ గీతకు లోపలనున్నది గాయము చేయదని యిచ్చిన తీర్పు కాదు.

20 జౌళ్లనగా నెంత? రెండు కిలోల రాయి మీటరెత్తునుండి పడినప్పటి శక్తి యించుమించుగ నంత. ఆ శక్తియంతయు కందిగింజ ప్రమాణముగల సీసపుగుండు కొనపై కేంద్రీకృతమగును. ఇట్టి గుండు చర్మమును చొచ్చుటకు సెకండునకు సుమారు 100 మీటర్ల వేగము చాలునని వైద్యపరిశోధకులు కనుగొనిరి. కంటిని పోగొట్టుటకు అంతకంటె తక్కువయే చాలును. క్రీడాపోటీలలో కాగితపు గురిని కొట్టు గాలిరైఫిలు వేగమే సుమారు 175 మీటర్లు!

వర్తకులు వేగమునే చాటుదురు. వేగము సగము కథ మాత్రమే. అరగ్రాము గుండు 175 మీటర్ల వేగముతో పోయినచో దాని శక్తి సుమారు ఏడున్నర జౌళ్లు. 280 మీటర్ల వేగముతో పోయినచో పందొమ్మిదిన్నర. వేగము రెట్టింపైనను కాలేదు, శక్తి రెండున్నర రెట్లయినది. శక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగుటయే యిందులకు కారణము. తేలికగుండును వేసి వేగపుటంకెను పెద్దదిగ చూపుటయు కలదు. కావున కొనువాడు వేగముతోపాటు గుండుబరువును, శక్తిని అడిగి తెలిసికొనవలెను. గాలిపిస్తోలునకు సామాన్యముగ శక్తి తక్కువ. ఐనను దాని గొట్టము పొట్టిది. బాలుని చేతిలో దాని మూతి తోడివాని ముఖమువైపు తిరుగుటకు క్షణము పట్టదు.

ఈ సాధనము స్వతః దుష్టమని మేమనము. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగు 2012 లండన్ ఒలింపిక్సులో గాలిరైఫిలుతోనే కంచుపతకము గెలిచెను. హైదరాబాదు యువతి ఈషాసింగు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలందు గాలిపిస్తోలుతో రజతము సాధించెను. వారి విద్య గురువు కన్నుముందర, కట్టుదిట్టమైన నియమములనడుమ అలవడినది.

చేలకు వచ్చునవి కోతులు మాత్రమే కావు. ఎల్లారెడ్డికి చేరువనున్న పోచారము అభయారణ్యమునుండి నెమళ్లు, జింకలు పొలములవైపు వచ్చును. వానిని కొట్టినవాడు 1972 వన్యప్రాణి రక్షణశాసనముక్రింద దోషి. అరుణాచలప్రదేశమున 2021లో ప్రభుత్వము గాలితుపాకుల నప్పగింపుడని పిలుపునీయగా, గ్రామస్థులు వందలకొలది స్వచ్ఛందముగ నప్పగించిరి. అచట అడవిపక్షుల కవి కాలపాశములైనవి.

బ్రిటిషిండియా ప్రజలను 1878 నాటి ఆయుధశాసనము నిరాయుధులను చేసినదని మన నాయకులు ఘోషించిరి. 1931 కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధమును ధరించుట పౌరుని హక్కని తీర్మానించినది. నియమములకు లోబడి యను మాటను మరువరాదు. నేడు లైసెన్సు లేకుండ లభించు ఈ స్వల్పాయుధము ప్రజలపై నుంచిన విశ్వాసమునకు గుర్తు. దానిని నిలుపుకొనుట మన వంతు.

కావున గృహస్థులు తుపాకిని గుండ్లనుండి వేరుచేసి తాళమువేసి యుంచవలెను. వర్తకులు శక్తిని, గుండుబరువును స్పష్టముగ వ్రాసి యమ్మవలెను. ప్రభుత్వము 2020లో నిర్మలున కోతుల పునరావాసకేంద్రమును తెరచినట్లు కామారెడ్డి జిల్లాలోను తెరచి, రైతు భారమును తగ్గింపవలెను. పంట పోయిన మరుకారున మరల పండును; బాలుని కన్ను పోయిన మరల రాదు.