ఎగిరే ముందు తాడు చూడండి

చివరి సెమిస్టర్ పరీక్షలు ఇంకా పూర్తయ్యాయో లేదో, వాట్సాప్‌లో కొత్త గ్రూపు ఒకటి పుడుతుంది. గ్రూపు పేరు ఏదైనా కావచ్చు, అందులో గోవా అన్న మాట మాత్రం తప్పకుండా ఉంటుంది. శాతవాహన వర్సిటీ అయినా, బాసర ట్రిపుల్ ఐటీ అయినా, ఆదిలాబాద్ డిగ్రీ కాలేజీ అయినా కథ ఇదే. సగం గ్రూపులు డబ్బులు వసూలు చేసే దగ్గరే ఆగిపోతాయి, అది వేరే సంగతి. మీ గ్రూపు ఆగలేదనుకుందాం. ఇంట్లో ఒప్పుకున్నారు, టికెట్లు కూడా దొరికాయి. అక్కడికి వెళ్లాక మీరు చేసే పనుల జాబితాలో పారాసెయిలింగ్ ఉంటుందని నేను పందెం కాయగలను. రీల్స్‌లో చూసి చూసి ఉన్నారు కదా!

మన వైపు నీళ్లకేం కొదవ లేదు. 24 టీఎంసీల లోయర్ మానేరు ఊరి పక్కనే ఉంది. కడెం ఉంది, గోదావరి ఉంది. బోటెక్కడం మనకు కొత్త కాదు. కానీ పారాచూట్ కట్టుకుని బోటు వెనకాల గాల్లోకి లేవడం కొత్తే. అందుకే ముందుగా ఏం జరుగుతుందో చెప్తాను, ఆ తర్వాత నా అభిప్రాయం.

బీచ్‌లో అడుగు పెట్టగానే ఒకతను వస్తాడు. 'భయ్యా, అయిదు రైడ్లు, ఒకటే ప్యాకేజీ' అంటాడు. అతను చెప్పిన రేటు, మీరిచ్చే రేటు వేర్వేరు. బేరం ఆడండి, తప్పులేదు. అతను చాలాసార్లు ఏజెంటు మాత్రమే. బోటు అతనిది కాదు, నడిపేదీ అతను కాదు. ఒక చిన్న పడవలో మిమ్మల్ని ఎక్కించి, ఒడ్డుకు దూరంగా ఉన్న పెద్ద బోటు దగ్గరికి తీసుకెళ్తారు. అసలు కథ అక్కడ మొదలవుతుందనుకుంటారు గానీ, మొదలయ్యేది ఎదురుచూపు. మీకంటే ముందు పదిహేను మందో ఇరవై మందో ఉంటారు. అలలకు ఊగే బోటులో అరగంట, గంట కూర్చోవాలి. కడుపు నిండా తిని వెళ్లినవాళ్లకు ఇక్కడే వాంతులు. పైకి వెళ్లాక కళ్లు తిరుగుతాయేమోనని భయపడేవాళ్లు పైన హాయిగా ఉంటారు, కింద బోటులోనే పాడైపోతారు.

మీ వంతు వస్తుంది. లైఫ్ జాకెట్ మీద బెల్టులు తొడుగుతారు. తొడల చుట్టూ రెండు, నడుము చుట్టూ ఒకటి. వాటిని పారాచూట్ కొక్కేలకు తగిలిస్తారు. బోటు వేగం పెంచుతుంది, యంత్రం మీద చుట్టి ఉన్న తాడు వదులుతుంది, మీ కాళ్లు నేలను వదిలేస్తాయి. జాతరలో రంగులరాట్నం ఎక్కితే గుండె జారినట్టు ఉంటుందే, అలా ఏమీ ఉండదు. ఎవరో చంకల్లో చేతులేసి మెల్లగా ఎత్తినట్టు ఉంటుంది. పైకి వెళ్లాక వింతగా నిశ్శబ్దం. ఇంజిన్ మోత కింద ఉండిపోతుంది. కింద బోటు అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. బెల్టు తొడలకు కోసుకుపోతుంటుంది, దాని గురించి రీల్స్‌లో ఎవరూ చెప్పరు. ఏమైందో తెలిసేలోపు కిందికి లాగేస్తారు. దింపేటప్పుడు సరదాకి కాళ్లు నీళ్లలో ముంచుతారు, వద్దంటే ముందే చెప్పాలి. మొత్తం గాల్లో ఉన్నది రెండు మూడు నిమిషాలు, బాగా ఉంటే అయిదు. తర్వాత వీడియో కొనమంటారు. కళ్లద్దాలుంటే తాడు కట్టుకోండి, ఫోన్ కింద స్నేహితుడికి ఇచ్చి వెళ్లండి. వెన్నునొప్పి, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు. మందు తాగి ఎక్కకూడదు. గోవాలో ఈ చివరి మాట చెప్పడం నాకే కొంచెం నవ్వొస్తోంది, కానీ చెప్పాలి.

ఇక నా అభిప్రాయం. తప్పకుండా ఎగరండి. కాకపోతే గాల్లో ఉన్నంతసేపు మీ చేతుల్లో ఏమీ ఉండదు, ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పారాగ్లైడింగ్‌లో వెనకాల పైలట్ ఉంటాడు, పారాచూట్‌ను తిప్పుతాడు. పారాసెయిలింగ్‌లో మీ పక్కన ఎవరూ ఉండరు, తిప్పడానికి మీకు ఏమీ ఇవ్వరు. మీకూ బోటుకూ మధ్య ఉన్నది ఒక్క తాడు. కాబట్టి మీరు చేయగలిగిందంతా కాళ్లు పైకి లేవకముందే చేయాలి. అప్పుడే నోరు విప్పాలి. మనవాళ్లు అక్కడే నోరు మూసుకుంటారు.

మన ఊళ్లో గీత కార్మికుడిని చూడండి. తాటిచెట్టు ఎక్కేముందు మోకు పట్టుకుని, చేత్తో తడిమి, ఎక్కడైనా పోగులు లేచాయా అని చూసుకుంటాడు. రోజూ ఎక్కే చెట్టే, అయినా చూస్తాడు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కొత్త కిట్లు తెచ్చింది కూడా అందుకే, మోకు ఒక్కదాని మీద ప్రాణం పెట్టకూడదని. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లిన మనం, పరాయి బీచ్‌లో పరాయివాడి తాడుకు వేలాడుతూ ఒక్కసారైనా దాని వైపు చూడమా?

చూడాల్సింది కూడా ఎక్కువేం లేదు. తాడు పారాచూట్‌కు తగిలే చోట ముడి ఉంటుంది. తాడు బలం బాగా తగ్గేది ముడి దగ్గరే. ఎండ, ఉప్పునీళ్లు, రోజుకు పదుల సార్లు లాగుడు, వీటికి ఆ కొస ముందు అరుగుతుంది. బాధ్యత ఉన్న ఆపరేటర్లు ఆ కొసను ఎప్పటికప్పుడు కోసేసి కొత్తగా ముడి వేస్తారు. అక్కడ పోగులు లేచి, నూలు బొచ్చులా కనిపిస్తే ఎక్కొద్దు. ఇచ్చిన డబ్బులు పోతే పోనీ.

రెండోది గాలి. పారాచూట్‌కు తగిలే గాలి వేగం రెట్టింపైతే లాగే బలం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు. ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, కానీ బీచ్‌లో ఎవరికి గుర్తొస్తుంది? 2013లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇద్దరు అమ్మాయిలు కలిసి ఎగురుతుండగా గాలి పెరిగి తాడు తెగింది. తాడు తెగితే సముద్రంలో పడతామని అనుకుంటాం. గాలి ఒడ్డు వైపు వీస్తుంటే పారాచూట్ ఒడ్డు మీదికే కొట్టుకుపోతుంది. ఆ అమ్మాయిలు ఒక పెద్ద భవనానికి గుద్దుకుని కింద పడ్డారు, తీవ్రంగా గాయపడ్డారు గానీ బతికారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. గాలి గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు దాటితే పారాసెయిలింగ్ నడపకూడదు. ఏడు మైళ్లలోపు ఎక్కడైనా పిడుగులు పడుతుంటే నడపకూడదు. మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2021 నవంబరులో డయ్యూలోని నాగోవా బీచ్‌లో భార్యాభర్తలు గాల్లో ఉండగా తాడు తెగింది. సముద్రంలో పడ్డారు, లైఫ్ జాకెట్లు ఉండబట్టి బయటపడ్డారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే గాలి వేగం కనిపిస్తుంది. క్రికెట్ స్కోరు చూసినంత సేపు కూడా పట్టదు.

మరి ఎందుకు అడగం? నా సంగతే చెప్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు బోటులో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇంగ్లిష్‌లో ఉంది, చిన్న అక్షరాలు, తడిచేతులు, వెనకాల ఇరవై మంది. చదవలేదు. జాకెట్ కింది బెల్టు వదులుగా ఉందని అనిపించింది. చెప్పాలంటే హిందీలో చెప్పాలి. నా హిందీ కరీంనగర్ టవర్ సర్కిల్ దాకా సరిపోతుంది గానీ అక్కడ నవ్వుతారేమో అనిపించింది. పక్కన కాలేజీ అమ్మాయిలు కూడా ఉన్నారు, అదొకటి. నోరు మూసుకుని ఎగిరాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి అదే సరైన పద్ధతి అని చాన్నాళ్లు అనుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రోజు కూడా సరిగ్గా అలాగే సంతకం పెట్టాను. కాగితంలో రెండేళ్ల బాండ్ ఉందని తర్వాత ఎప్పుడో తెలిసింది. హెచ్ఆర్ మేడమ్ నవ్వుతూ 'ఇదంతా ఫార్మాలిటీ' అంది. బోటువాడు అన్నదీ అదే మాట.

కాబట్టి అడగండి, హిందీ రాకపోతే తెలుగులోనే అడగండి, వేలు చూపించి అడగండి. 'ఈ తాడు ఎప్పుడు మార్చారు? ఇవ్వాళ గాలి ఎంత? లైసెన్స్ ఏది?' గోవాలో బోట్లను కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ విభాగం, ఆపరేటర్లను పర్యాటక శాఖ నమోదు చేస్తాయి, ఆ కాగితం అడిగే హక్కు మీకుంది. ప్రశ్నలకు విసుక్కునేవాడి బోటు ఎక్కకండి. జవాబు కంటే విసుగే ఎక్కువ చెప్తుంది. జాకెట్ మీకు మీరే లాగి చూసుకోండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాకా వస్తే అది మీ సైజు కాదు. ఈత వచ్చా రాదా అన్నది తర్వాతి మాట. కుంటాల దగ్గర, చెరువుల్లో ఎంతమంది ఈత వచ్చిన పిల్లలు పోయారో మనకు తెలియనిది కాదు.

డబ్బులు నగదుగా ఇవ్వకండి. యూపీఐలో పంపి స్క్రీన్‌షాట్ దాచుకోండి, రసీదు అడగండి. ఎందుకంటే, మీరు పెట్టిన సంతకంతో ఆపరేటర్ నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు గోవాలోనే ఇవ్వాలని లేదు. మీరు ఉండేది కరీంనగర్ అయితే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఆదిలాబాద్ అయితే ఆదిలాబాద్‌లో వేయొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. 1915కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అయితే రుజువు ఉండాలి. ఏజెంటు చేతిలో నోట్లు పెట్టి వచ్చినవాడికి చట్టం ఏం చేస్తుంది? ఇంకోటి, ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి.

టికెట్లు తీసేముందు క్యాలెండర్ కూడా చూడండి. వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవాలో వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు. మన పరీక్షలు సరిగ్గా ఆ ముందే అయిపోతాయి. జూన్‌లో 'స్పెషల్‌గా మీకోసం నడుపుతాం' అని ఎవడైనా అన్నాడంటే, వాడి దగ్గర నుంచి దూరం జరగండి.

గోవా దాకా వెళ్లే డబ్బుల్లేనివాళ్లకు ఒక మాట. పారాసెయిలింగ్ సముద్రం మీదే జరగాలని లేదు. ఎన్‌సీసీలో క్యాడెట్లకు దీన్ని మైదానంలో, జీపు వెనకాల తాడు కట్టి నేర్పిస్తారు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో బెటాలియన్లు ఉన్నాయి. అక్కడ ఎగరడం కంటే ముందు దిగడం నేర్పుతారు, కాళ్లు దగ్గరపెట్టి మోకాళ్లు కొద్దిగా వంచి ఎలా వాలాలో. గాలి ఎక్కువుంటే ఆ రోజుకు లేదు, అంతే, బతిమాలడాలు ఉండవు. మీరు ఫస్టియర్‌లోనో సెకండియర్‌లోనో ఉంటే ఆలోచించండి. సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో అధికారి పోస్టుకు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా రాత పరీక్ష లేకుండా దరఖాస్తు చేయొచ్చు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూనే. నీళ్ల మీదే బతకాలనిపించేవాళ్లకు గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ ఉంది, 1990 నుంచి పనిచేస్తోంది. బోటు నడపడం, నీళ్లలో ప్రాణాలు కాపాడటం నేర్పే కోర్సులు అక్కడున్నాయి. మన జలాశయాల్లో తిరిగే ప్రతి బోటు మీదా అలాంటి శిక్షణ ఉన్నవాళ్లు కావాలి కదా.

గోవా నుంచి వచ్చాక చాలామంది రెజ్యూమెలో హాబీల కింద 'అడ్వెంచర్ స్పోర్ట్స్' అని రాస్తారు. మూడు నిమిషాలకు అంత మాటా అని నాకు నవ్వొస్తుంది, సరే రాసుకోండి. కానీ నేను ఇంటర్వ్యూ బోర్డులో ఉంటే ఒకటే అడుగుతాను, ఎగిరే ముందు ఏం చూసుకున్నావ్ అని.

రెండోసారి వెళ్లినప్పుడు మేం ఎగరలేదు. ముందురోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకున్నాం. తెల్లారేసరికి గాలి పెరిగింది. బోటాయన తాడు చుట్టేస్తున్నాడు. 'అన్నా, సాయంత్రం మా రైలు, ఒక్క రౌండ్' అని మావాడు వచ్చీరాని హిందీలో బతిమాలాడు. ఆయన సముద్రం వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ఇచ్చిన డబ్బులు తిరిగి ఫోన్‌లో పంపేశాడు. పక్క షాక్‌లో చేపల వేపుడు తిని స్టేషన్‌కు వచ్చేశాం. ఆయన నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.