ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందా? అసలు లెక్క వేరే ఉంది!

లీటరు పెట్రోలు 100 రూపాయలు దాటిన దగ్గర్నుంచి కారు ఓనర్ల ధ్యాసంతా మైలేజీ మీదే. సర్వీసింగ్‌కు వెళితే చాలు.. ‘ఎయిర్ ఫిల్టర్ జామైంది సార్, మార్చేస్తే మైలేజీ పెరుగుద్ది’ అనే మాట వినిపిస్తుంది. మరి ఇందులో నిజమెంత? పాత కార్లకైతే కొంత నిజమే. ఇప్పటి పెట్రోలు కార్లకు మాత్రం దాదాపు లేదనే చెప్పాలి.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ అక్కడి ఇంధన శాఖ కోసం 2009లో ఈ సంగతి పరీక్షించింది. మూడు కొత్త తరం పెట్రోలు కార్లను, కార్బ్యురేటర్ ఉన్న ఒక పాత కారును తీసుకుని, గాలి సరిగా అందకుండా అడ్డుపెట్టి మరీ నడిపి చూశారు. కొత్త కార్ల మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కార్బ్యురేటర్ కార్లకైతే మంచి ఫిల్టర్ వేస్తే సాధారణంగా 2 నుంచి 6 శాతం వరకు లాభం ఉంటుందని తేలింది. మైలేజీ 10-15 శాతం పడిపోవాలంటే మాత్రం.. కారు నడపడమే కష్టమయ్యేంతగా ఫిల్టర్ మూసుకుపోవాలి.

ఎందుకిలా? కార్బ్యురేటర్‌లో గాలి తగ్గినా పెట్రోలు ఆ మేరకు తగ్గదు. మిశ్రమం చిక్కబడి ఇంధనం వృథా అవుతుంది. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటర్‌ది. లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్లు చెబుతాయి, దానికి తగ్గట్టే పెట్రోలు వెళుతుంది. కార్బ్యురేటర్ కార్లు మన రోడ్ల మీద ఎప్పుడో కనుమరుగయ్యాయి. వాటి కాలం నాటి మాట మాత్రం ఇంకా చెలామణి అవుతోంది.

అలాగని ఫిల్టర్‌ను పట్టించుకోకపోతే అసలుకే మోసం. దెబ్బ పడేది పికప్ మీద. మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం దాకా మెరుగవుతుందని అదే పరీక్షల్లో వెల్లడైంది. రెండు లేన్ల రోడ్డుపై లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. పైగా చిరిగిన ఫిల్టర్, సరిగా కూర్చోని ఫిల్టర్ ఇంకా ప్రమాదం. దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు రోజూ తిరిగే కార్లకు మామూలు గడువు సరిపోదు. దుమ్ము ప్రాంతాలకు మాన్యువల్‌లో విడిగా షెడ్యూల్ ఇస్తారు, చాలామంది ఆ పేజీ తిప్పరు.

ఆయిల్ ఫిల్టర్ సంగతి ఇంకోలా ఉంటుంది. అది మూసుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిలే ఇంజిన్‌లో తిరుగుతుంది. డ్రైవర్‌కు ఏమీ తెలియదు. డీజిల్ కార్లలో ఫ్యూయల్ ఫిల్టర్‌ను అస్సలు వాయిదా వేయకూడదు. నీరు, నలుసులు ఇంజెక్టర్ల దాకా చేరితే బిల్లు వేలల్లోకి వెళుతుంది. ఏసీ ఫిల్టర్ జామైతే గాలి సరిగా రాదు, దానికీ ఇంజిన్ పికప్‌కూ సంబంధం లేదు.

నిజంగా మైలేజీయే కావాలంటే ముందు చూడాల్సింది టైర్లలో గాలి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గినప్పుడల్లా మైలేజీ దాదాపు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఇక సర్వీస్ సెంటర్‌లో ఫిల్టర్ మార్చాలంటే, పాతది బయటకు తీసి చూపించమని అడగొచ్చు. రెండు నిమిషాల పని!